కొండకు మేకు కొట్టకుండా

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే దారిలో రాతికొండ కనపడని చోటు తక్కువ. కొన్ని నున్నటి బోడిబండలు, కొన్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్ల గుట్టలు. కొన్నిటికి మాత్రం పైనుంచి కిందిదాకా నిలువు నెర్రెలుంటాయి. బెంగళూరులో కృత్రిమ గోడలెక్కడం నేర్చుకుని సొంతూరికి వచ్చిన కుర్రవాళ్లు, ఎన్‌సీసీ శిబిరంలో తాడు పట్టిన అమ్మాయిలు ఆ నెర్రెల వైపు చూసి మొదట అడిగేది, ఎక్కే సామాను సొంత సెట్టు కొనాలంటే ఎంతవుతుందని. జవాబు విన్నాక, అంత లేకపోతే దేంతో మొదలుపెట్టాలని అడుగుతారు. నేను రాస్తున్నది ఈ రెండో ప్రశ్న గురించి.

ముందుగా పద్ధతి తెలియాలి. ట్రెడిషనల్ క్లైంబింగ్‌ని పొట్టిగా ట్రాడ్ అంటారు. ముందు ఎక్కే మనిషి హార్నెస్‌కి (నడుముకూ తొడలకూ బిగించే పట్టీకి) తాడు కట్టుకుని బయల్దేరతాడు. దారిలో దొరికిన నెర్రెలో ఒక లోహపు ముక్క ఇరికించి, దానికి క్యారబైనర్ (గేటున్న లోహపు కొక్కెం) తగిలించి, తాడు అందులో వేస్తాడు. కింద ఉన్న తోడు మనిషి బిలే పరికరంలోంచి కావలసినంత తాడు వదులుతుంటాడు. పైవాడు చివరి ముక్కకు మూడు మీటర్లు పైన ఉండగా జారితే ఆ మూడు మీటర్లు, దాని కిందికి ఇంకో మూడు, ఆపైన తాడు సాగినంత దూరం పడతాడు. ముక్క నిలిస్తే అక్కడ ఆగుతాడు. తర్వాత రెండో మనిషి ఎక్కుతూ ముక్కలన్నీ ఊడదీసుకుని వస్తాడు. ఇద్దరూ పైకి చేరాక బండ మీద మిగిలేది చేతుల సుద్దపొడి మరకలే.

ఇంకో పద్ధతిలో బండకు డ్రిల్లుతో రంధ్రం చేసి బోల్టు బిగిస్తారు. సావనదుర్గ లాంటి నున్నటి బండకు నెర్రెలు చాలవు కాబట్టి అక్కడ బోల్టులు తప్పలేదు, దాన్ని తప్పు పట్టను. నెర్రె ఉన్నచోట కూడా డ్రిల్లు తీయడానికి మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. కుప్పం చుట్టుపక్కల కొండల్ని గ్రానైటు కోసం దిమ్మెలు దిమ్మెలుగా కోసి లారీలకెత్తడం మనం చూస్తూనే ఉన్నాం. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. ఎక్కే సరదా కోసం మనం కూడా ఇంకో రంధ్రం చేయనక్కర్లేదు.

ఈ ఆలోచన కొండలెక్కేవాళ్లకు దెబ్బ తిన్నాకే వచ్చింది. అమెరికాలోని యోసెమిటీ లోయలో ఉక్కు మేకుల్ని సుత్తితో నెర్రెల్లో దిగ్గొట్టి, మళ్లీ పీకి, 1960ల నాటికి పేరున్న దారుల్లో రాయి గుంటలు పడేలా చేశారు. బ్రిటన్‌లోని వేల్స్ కొండల వాళ్లు అప్పటికే వేరే దారి పట్టారు. మొదట నెర్రెలో గులకరాయి ఇరికించి దాని చుట్టూ తాడు వేసేవాళ్లు. 1950లలో స్నోడన్ కొండ రైలు పట్టాల పక్కన దొరికిన ఇనుప నట్లు ఏరుకుని, తాడు కోసుకుపోకుండా లోపలి మరల్ని ఆకురాయితో అరగదీసి వాడారు. ఇప్పుడు అల్యూమినియంతో వచ్చే ముక్కల్ని నట్లు అనడం అందుకే. 1960ల మొదట్లో జాన్ బ్రెయిల్స్‌ఫర్డ్ వీటిని కొండెక్కేవాళ్ల కోసమే తయారుచేశాడు. 1966లో ఇంగ్లండు వెళ్లిన అమెరికన్ రాయల్ రాబిన్స్ ఆ విద్యను అమెరికాకు తీసుకుపోయాడు. అక్కడ మేకుల వ్యాపారంలో అందరికంటే ముందున్న ఈవాన్ షునార్డ్, టామ్ ఫ్రాస్ట్‌లు 1972 క్యాటలాగులో, ఇక మేకులు వద్దు, నట్లు వాడండి అని తమ ఖాతాదారులకే చెప్పారు. వాళ్ల రాబడిలో పెద్ద వాటా మేకులదే. అంత నష్టానికి సిద్ధపడి చెప్పిన మాట కాబట్టే అది నిలిచిందని నా నమ్మకం.

నట్టు పనితీరులో దాపరికం ఏమీ లేదు. ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం ఉన్న ముక్క, దాని నుంచి వేలాడే ఉక్కుతీగ, అంతే. కిందికి పోయేకొద్దీ నెర్రె ఇరుకయ్యే చోటు వెతికి, పై వెడల్పులో నట్టు పెట్టి కిందికి లాగాలి. ఎడ్లబండి వెనక్కి జారకుండా చక్రం కింద పెట్టే రాయిలాగా, బరువు పడేకొద్దీ అది బిగుసుకుంటుంది. ఎంపికలోనే పనితనమంతా ఉంది. నట్టు రెండు చెంపలూ రాతికి నిండుగా ఆనాలి. ఒక మూల మాత్రమే ఆని ఉంటే తాడు కదిలినప్పుడు తిరిగి ఊడుతుంది. లోపలి రాయిని వేలితో రాసి చూడాలి. మన గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ పలుకులు పెద్దవి. ఎండకు ఎండి వానకు నానిన అంచుల్లో అవి ముతక ఇసకలా రాలతాయి. వేలికి ఇసక అంటితే ఆ చోటు వదిలేసి, ఒక జానెడు పైనో కిందో గట్టి రాయి వెతుక్కోవాలి. పెట్టాక, పడితే బరువు ఏ దిక్కున పడుతుందో ఆ దిక్కుకే గట్టిగా ఒక కుదుపు ఇవ్వాలి. చివరగా నట్టు తీగ నుంచి తాడుకు మధ్య 60 సెంటీమీటర్ల స్లింగ్ (గుండ్రంగా కుట్టిన గుడ్డ పట్టీ) వేయాలి. అది లేకపోతే ఎక్కేవాడి తాడే నట్టును పైకి లాగి ఊడదీస్తుంది.

నెర్రె గోడలు రెండూ సమాంతరంగా ఉంటే నట్టుకు పట్టు దొరకదు, అక్కడ క్యామ్ కావాలి. రే జార్డిన్ రూపొందించిన ఈ పరికరాన్ని వైల్డ్ కంట్రీ కంపెనీ 1978లో ఫ్రెండ్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. మీట లాగితే రెక్కలు ముడుచుకుంటాయి. నెర్రెలో పెట్టి వదిలితే స్ప్రింగులు వాటిని గోడలకు ఆనిస్తాయి. రెక్క అంచు వంపు ఎలాంటిదంటే, ఎంత తెరుచుకున్నా రాతిని ఒకే కోణంలో తాకుతుంది. ఫ్రెండ్స్‌లో అది 13.75 డిగ్రీలు. ఈ లెక్క ప్రకారం క్యామ్ మీద పడిన బరువుకు సుమారు రెండింతల బలం ఒక్కో గోడను పక్కకు తోస్తుంది. మన కొండల మీద ఇది మరిచిపోకూడని సంగతి. ఇక్కడి గుండ్రటి బండల మీద రాయి పొరలు పొరలుగా లేస్తుంది. పొర వెనక సందు చూడముచ్చటగా ఉంటుంది, క్యామ్ కూడా చక్కగా కూర్చుంటుంది. పడిన క్షణాన ఆ తోపుడుకు పొరే విడిపోవచ్చు. ముందుగా అరచేత్తో కొట్టి వినండి. బోలుగా మోగితే అక్కడ క్యామూ వద్దు, మీ బరువూ వద్దు.

ఇక డబ్బు సంగతి. మంచి కంపెనీ క్యామ్ ఒక్కటే ఏడెనిమిది వేలు, కొన్నిచోట్ల అంతకు మించి పలుకుతుంది. దాదాపు అదే డబ్బుకు పది నట్ల సెట్టు వస్తుంది. పుస్తకాల్లో కనపడే పూర్తి సెట్టులో పది, పన్నెండు క్యాములుంటాయి. అది చూసి బెదిరి చవక సరుకు వైపు పోకండి, ముక్కల సంఖ్య తగ్గించుకోండి. తక్కువ ముక్కలతో ఎక్కగలిగే పొట్టి దారులు, దండిగా నెర్రెలున్న సులువైన దారులు ఎంచుకోవచ్చు. నమ్మకం లేని ముక్కతో ఎక్కగలిగే దారి మాత్రం ఎక్కడా లేదు.

నా లెక్కలో మొదటి కొనుగోలు పూర్తి నట్ల సెట్టు, దాన్ని ఊడదీసే నట్ టూల్. నట్ టూల్ లేకుండా పోతే, బరువు పడి బిగుసుకున్న నట్టు కొండకే కానుక అవుతుంది. తర్వాత 60 సెంటీమీటర్ల స్లింగులు ఆరేడు, 120 సెంటీమీటర్లవి రెండు మూడు, సరిపడా క్యారబైనర్లు, పైన యాంకర్ (మనుషుల్ని బండకు కట్టి ఉంచే ఆధారం) కట్టుకోవడానికి ఆరు మీటర్ల పొడవు, ఏడు మిల్లీమీటర్ల మందం ఉన్న సన్నతాడు (కార్డు). గుండ్ల గుట్టల్లో స్లింగు విలువ నట్టుకు తీసిపోదు. రెండు గుండ్లు ఆనుకున్న చోట వెనక నుంచి స్లింగు దూర్చి తీస్తే అంతకంటే నమ్మకమైన ఆధారం ఉండదు. అయితే ఆ గుండు కదలదని తేల్చుకోవాలి.

క్యాములు మూడుతో మొదలుపెట్టండి. వేళ్ల మందం నుంచి పిడికిలికి కొంచెం తక్కువ దాకా, అంటే సుమారు 24 మిల్లీమీటర్ల నుంచి 65 దాకా వరసగా మూడు సైజులు. కంపెనీకో నంబరింగ్ ఉంటుంది, ఒకరి ఒకటో నంబరు ఇంకొకరి ఒకటో నంబరుకు సమానం కాకపోవచ్చు. అందుకే ఎప్పుడూ మిల్లీమీటర్లు చూసి కొనాలి. మూడు క్యాములకు కూడా డబ్బు చాలకపోతే ట్రైక్యాములున్నాయి. ఇటలీ కంపెనీ క్యాంప్ చేస్తుంది. ఒక క్యామ్ ధరకు సుమారు మూడు వస్తాయి, వాటిలో కదిలే భాగాలు లేవు. ఒంటిచేత్తో పెట్టడం కష్టమే కానీ, అడ్డ నెర్రెల్లోనూ లోపలికి గుంటపడ్డ సందుల్లోనూ క్యాముకు దొరకని పట్టు వీటికి దొరుకుతుంది. పెద్ద నెర్రెలకు హెక్స్‌లు (ఆరు పలకల పెద్ద బోలు నట్లు) కూడా చవకే. వాటి మోతకు నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి.

ఖర్చు తగ్గించడానికి అన్నిటికంటే మంచి మార్గం పంచుకోవడం. తోడు లేకుండా ఈ పద్ధతిలో ఎక్కడం కుదరదు కదా. ఒకరు నట్లు, స్లింగులు కొని ఇంకొకరు క్యాములు కొంటే ఇద్దరికీ కలిపి ఒక సెట్టు తయారవుతుంది. ఎవరి సామానుకు వాళ్ల రంగు టేపు చుట్టుకుంటే తగువు రాదు.

వాడిన సామాను కొనవచ్చా అంటే, లోహం కొనవచ్చు, గుడ్డ కూడదు. నట్లు, క్యారబైనర్లు, క్యాములు తెలిసినవాళ్ల దగ్గర, వాటి చరిత్ర అడిగి తీసుకోండి. క్యామ్ మీట లాగి వదిలితే రెక్కలన్నీ సమానంగా తెరుచుకోవాలి. తీగలు పురులు లేచి ఉండకూడదు. క్యారబైనర్ గేటు తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి, తాడు ఒరిసే చోట పదును అంచు తేలి ఉండకూడదు. తాడు, హార్నెస్, స్లింగు మాత్రం కొత్తవే కొనాలి. వాడకపోయినా పదేళ్లు దాటితే పక్కన పెట్టమనే చాలా కంపెనీలు చెబుతాయి. ఎండ, బ్యాటరీ ఆమ్లం చేసిన చెరుపు కంటికి కనపడదు.

బోరు మోటారు దించే తాడు ఎంత గట్టిదైనా ముందు ఎక్కేవాడి నడుముకు పనికిరాదు. అది సాగదు, సాగకపోతే పడిన వేగమంతా వెన్ను మీదా నట్టు మీదా ఒక్క దెబ్బగా పడుతుంది. డైనమిక్ తాడును, అంటే సాగే తాడును, 80 కిలోల బరువుతో పరీక్షిస్తారు. మొదటి పడకలో దెబ్బ 12 కిలోన్యూటన్లు మించకూడదు, కనీసం అయిదు పడకలు ఓర్చాలి. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోల బరువు. మంచి క్యారబైనర్ మీద పొడవు దిశలో కనీసం 20 కిలోన్యూటన్లు అని చెక్కి ఉంటుంది, పక్కనే సీఈ లేదా యూఐఏఏ భద్రతా ప్రమాణాల గుర్తు ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో, బ్యాగుల అంగడిలో దొరికే కొక్కేలకు ఈ గుర్తులుండవు. నట్ల మీద కూడా అంకె చదవండి. అతిచిన్నవి రెండు కిలోన్యూటన్లకే పరిమితం, మధ్యస్థమైనవి పది, పన్నెండు మోస్తాయి.

సామాను చేతికి రాగానే పైకి పోవద్దు. నేల మీద నిలబడి, నడుము ఎత్తులో ఉన్న నెర్రెలో నట్టు పెట్టండి, స్లింగు వేసి అందులో కాలు పెట్టి నిలబడి కుదపండి. ఊడినవాటిని ఎందుకు ఊడాయో చూసి మళ్లీ పెట్టండి. ఒక ఆదివారం ఇలా గడిపితే పైసా ఖర్చు లేకుండా కన్ను కుదురుతుంది. తర్వాత పైనుంచి వేరే తాడు రక్షణతో ఎక్కుతూ నట్లు పెట్టడం సాధన చేయాలి. పక్కన తెలిసిన మనిషి ఉండి, పెట్టిన ప్రతి ముక్కనూ తీసి చూడాలి. ఈ వ్యాసం గానీ ఇంకే పుస్తకం గానీ ఆ మనిషి పని చేయలేవు. బెంగళూరులో జనరల్ తిమ్మయ్య అకాడమీ రాళ్లెక్కే కోర్సులు నడుపుతుంది. కుప్పం నుంచి నేరుగా రైలుంది. భువనగిరి కోట బండ దగ్గర కూడా శిక్షణ ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు ఆ బండ మీదే నేర్చుకుంది. తెలుగువాళ్లు పూర్ణను, ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్‌బాబును మంచుతోనే గుర్తుపెట్టుకున్నారు. ఊరి పక్క బండకూ అంత గౌరవం ఇవ్వవచ్చని నేననుకుంటాను.

వెళ్లే ముందు కొన్ని జాగ్రత్తలు. హార్స్‌లీ కొండల అడవిలోనైనా, పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యంలోనైనా అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. గుడి ఉన్న బండను, శాసనమో బొమ్మో చెక్కిన రాతిని వదిలేయండి. కొండ తేనెటీగల పట్టు కనపడితే ఆ ముఖం వైపే పోవద్దు, తాడు మీద ఉన్న మనిషికి పరిగెత్తే దారి లేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాయి చల్లగా, పొడిగా ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బండ మీద చెయ్యి ఆనదు.

మదనపల్లె, కుప్పం కాలేజీల వ్యాయామ అధ్యాపకులకు ఒక విన్నపం. క్రికెట్ కిట్టు కొన్నట్టే మూడు క్యాములు, ఒక నట్ల సెట్టు, ఒక డైనమిక్ తాడు, నాలుగు హెల్మెట్లు, హార్నెస్‌లు కాలేజీ పేరున కొనండి. శిక్షణ పొందిన మనిషి చేతికి తాళం ఇచ్చి, ప్రతి వాడకం పుస్తకంలో రాయించండి. ఒక్కొక్కరుగా కొనలేని పిల్లలు ఇరవై ముప్పై మందికి ఆ ఒక్క సెట్టు ఏళ్ల తరబడి సరిపోతుంది.