తొలి సైకోసిస్ అనంతరం కోలుకోవడం, తిరగబెట్టడం: కుటుంబ పాత్రపై విమర్శనాత్మక పరిశీలన
(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యం)

1. ప్రస్తావన:

లేని మాటలు వినిపించడం, ఆధారం లేని అనుమానం బలపడటం సైకోసిస్‌లో ముఖ్య లక్షణాలు. తొలిసారి ఈ స్థితికి లోనైనవారిలో చాలామంది చికిత్సతో తేరుకుంటారు. అయితే తిరగబెట్టే ప్రమాదమూ తక్కువేమీ కాదు. "మన కుటుంబ వ్యవస్థే రోగిని నిలబెడుతుంది" అనే అభిప్రాయం ఈ చర్చలో తరచుగా వినిపిస్తుంది. 2016లో ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన ఈ మూడు జిల్లాల నేపథ్యంలో ఆ అభిప్రాయాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. అభిప్రాయానికి మూలం - పరిమితి:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర చేపట్టిన బహుదేశ అధ్యయనంలో ఆగ్రా ఒక కేంద్రం. అభివృద్ధి చెందుతున్న దేశాల రోగులలో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని అది పేర్కొంది. చండీగఢ్, లండన్ కుటుంబాలను పోల్చిన పరిశోధనలో చండీగఢ్ కుటుంబాలలో రోగి పట్ల విమర్శ తక్కువగా కనిపించింది. దీనిని బట్టి కుటుంబం ఉండటమే రక్ష అనుకోవడం పొరపాటు. రక్షణనిచ్చేది కుటుంబ సభ్యుల సంఖ్య కాదు, వారి మాటతీరు. "పనిచేయక పడుకుంటున్నాడు" అనే నిత్యనింద ఉమ్మడి కుటుంబంలోనూ రోగిని కుంగదీస్తుంది.

3. మందులు - దూరం:

న్యూయార్క్‌లో తొలి సైకోసిస్ రోగులపై జరిగి, 1999లో వెలువడిన అధ్యయనంలో ఐదేళ్లలో సుమారు 82 శాతం మందికి రుగ్మత తిరగబెట్టింది. మందులు మానినవారిలో ఆ ప్రమాదం దాదాపు ఐదు రెట్లు పెరిగింది. గంజాయి వాడకం కూడా తిరగబెట్టడానికి దోహదం చేస్తుంది. "తగ్గింది కదా" అని మందులు ఆపడాన్ని అజ్ఞానంగా మాత్రమే చూడరాదు. మహబూబాబాద్ తండాలోని కూలీకి వరంగల్ ప్రయాణమంటే రోగితో పాటు తోడు వెళ్లేవారి కూలీ కూడా పోవడమే. మూఢనమ్మకాన్ని నిందించే విమర్శ ఈ లెక్కను విస్మరిస్తోంది.

4. ముగింపు:

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. 2022 నుంచి టెలీ-మానస్ 14416 నంబరు కూడా అందుబాటులో ఉంది. వీటి సార్థకత భవనాలతో తేలదు. నెలనెలా మందులు ఊరి దగ్గరే అందుతున్నాయా, నిద్ర తగ్గడం, ముభావంగా మారడం వంటి తొలి సూచనలను గుర్తించడం కుటుంబానికి ఎవరైనా నేర్పుతున్నారా అన్నవే అసలు ప్రశ్నలు. కుటుంబాన్ని కీర్తించి బాధ్యతంతా దానిపైనే వదిలేయడం ప్రశంస రూపంలోని నిర్లక్ష్యమే.