వేడిని మోసే రాగి గొట్టం

మే నెలాఖరున ఢిల్లీ మయూర్ విహార్‌లో ల్యాప్‌టాప్ చేతికి అంటుకునేంత వేడెక్కితే చాలామంది యంత్రాన్నే తిడతారు. 2024 మే 29న నగరంలోని సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజుల్లో ఫ్యాను లోపలికి పీల్చేదే వేడిగాలి. ఆ గాలికీ ప్రాసెసర్‌కీ ఉష్ణోగ్రతలో తేడా తగ్గేకొద్దీ వేడి బయటికి పోవడం మందగిస్తుంది. వంద డిగ్రీల దరిదాపులకు చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటుంది.

అడుగు మూత విప్పి చూస్తే కనిపించే చదును రాగి గొట్టానికి మాత్రం చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చాలావాటిలో దాని మందం కొద్ది మిల్లీమీటర్లే. లోపలి గాలంతా తీసేసి, కాసిన్ని నీళ్లు పోసి మూసేస్తారు. ఒత్తిడి బాగా తక్కువ కాబట్టి ఆ నీళ్లు వంద డిగ్రీల దాకా ఆగకుండా చాలా ముందే మరుగుతాయి. ప్రాసెసర్ దగ్గర ఆవిరై, రెండో కొసకు పరుగెత్తి, అక్కడి పల్చటి రేకులకు వేడినిచ్చి మళ్లీ నీరవుతాయి. గొట్టం గోడలకు రాగిపొడిని కాల్చి అతికించిన పొర ఒకటుంటుంది. దీపపు వత్తి నూనెను లాక్కున్నట్టు ఆ పొర నీటిని వెనక్కి లాగుతుంది. మోటారు లేదు, కదిలే భాగం లేదు. ఇలాంటి గొట్టాన్నే 1942లో జనరల్ మోటార్స్ ఇంజనీరు రిచర్డ్ గాగ్లర్ రిఫ్రిజిరేటర్ల కోసం ఊహించి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది మూలన పడింది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని సొంతంగా మళ్లీ కనిపెట్టి చేసి చూపించాడు. అంతరిక్ష నౌకల్లో వేడిని మోసిన పనితనమే ఇప్పుడు మన ఒళ్లో ఉంది.

ఇంత చక్కటి ఏర్పాటునూ దుమ్ము ఓడిస్తుంది. పక్కనే యమున ఒడ్డు, పైన లూ అనే వడగాలి. సన్నటి ధూళి ఫ్యాను దాటి రేకుల ముందు మెత్తటి పొరలా పేరుకుంటుంది. బయటినుంచి ఊదితే అది ఇంకా లోపలికి బిగుసుకుంటుంది.

మయూర్ విహార్ ఫేజ్ 1లో ల్యాప్‌టాప్‌లు మరమ్మతు చేసే ఒక కుర్రాడికి ఈ సంగతి బాగా తెలుసు. అతను ఫ్యానునే విప్పి పక్కన పెట్టి ఆ పొరను మొత్తంగా ఎత్తేస్తాడు. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకుంటాడు. అదుపు లేకుండా తిరిగితే బేరింగ్ పాడవుతుంది మరి. గొట్టాన్ని ప్రాసెసర్‌కు అదిమి పట్టే రాగి పలక మీద, చాలావాటిలో, స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు చెక్కి ఉంటాయి. చాలామంది వాటిని చూడనే చూడరు. అతను విప్పేటప్పుడు చివరి అంకె నుంచి వెనక్కి వస్తాడు. బిగించేటప్పుడు మొదటి అంకె నుంచి ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా తిప్పుతాడు. ఒకవైపే బిగిస్తే పలక వంకరగా కూర్చుని చిప్ అంచు చిట్లవచ్చు.

చిప్‌కూ పలకకూ మధ్య ఎండి పెంకుకట్టిన పాత థర్మల్ పేస్టును స్పిరిట్ అద్దిన గుడ్డతో రాగి మెరిసేదాకా తుడుస్తాడు. కొత్తది కొద్దిగానే పెడతాడు. దాని పని ఆ రెంటి మధ్య కంటికి కనబడని గాలి సందులు నింపడం, అంతే. మందంగా పూస్తే అదే వేడికి అడ్డు.

అన్నీ అయ్యాక ల్యాప్‌టాప్‌ను తిరగేసి రబ్బరు కాళ్లు లెక్కపెడతాడు. ఒక్కటి ఊడినా అడుగున గాలి వెళ్లే సందు తగ్గిపోతుంది. తన డబ్బాలోంచి సరిపోయేదొకటి వెతికి అతికించి, ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకుంటాడు.