టాప్ లేని కారులో పాట

ఎంజీబీ అనే రెండు సీట్ల కారు 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైంది. జీటీ రకంతో కలుపుకొని 5 లక్షలకు పైగా కార్లు బయటికొచ్చాయి. అందుకే బ్రిటన్‌లో ఈనాటికీ దాని స్పేర్‌పార్టులకు కొదవ లేదు. మన రోడ్ల మీద కనిపించే ఎంజీ హెక్టర్‌తో దానికున్న చుట్టరికం పేరు వరకే. గుడ్డ టాప్ వెనక్కి మడిచి, ఎండ కాసే రోజున పల్లెదారుల్లో నడుపుకునే కారు అది. అప్పట్లో రేడియో కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. కట్టినా దక్కేది డ్యాష్‌బోర్డు కింద ఒక రేడియో, దానికి ఒకే స్పీకరు.

అలాంటి కారులో ఇవాళ్టి చెవికి నచ్చేలా పాట పలకాలి, కారుకు మాత్రం కొత్తగా ఒక్క చిల్లూ పడకూడదు. పాత కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్ల పట్టింపు ఇది. చాదస్తంలా కనిపించినా కారణముంది. తలుపు లోపలి అట్టను గుండ్రంగా కోసి స్పీకరు బిగించడం ఎంతసేపు! ఆ కోత మాత్రం కారు ఉన్నంతకాలం ఉంటుంది. రేపు కొనడానికి వచ్చేవాడి కన్ను ముందు దానిమీదే పడుతుంది.

మూసిన కారులో అద్దాలు, పైకప్పు శబ్దాన్ని పట్టి ఉంచుతాయి, బేస్‌కు వాటంతటవే బలమిస్తాయి. టాప్ తీస్తే ఆ బలం పోతుంది. గాలి హోరు, టైర్ల రొద, సైలెన్సరు గుడగుడ కూడా ఎక్కువగా కింది స్థాయి శబ్దాలే కాబట్టి మిగిలిన కాస్త బేస్‌నూ అవి కప్పేస్తాయి. దాంతో యజమాని ఎక్కువ వాట్ల కోసం వెతుకుతాడు.

వాట్లతో అయ్యే పని కాదది. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే పవరు సుమారు పదింతలు కావాలి. రేడియో పెట్టెల మీద అచ్చువేసే '50 వాట్లు' కూడా లెక్కల గారడీయే. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14.4 వోల్టులనుకుందాం. దాన్ని దానితోనే హెచ్చించి, స్పీకరు 4 ఓములతో భాగిస్తే 51 దాటుతుంది. స్వరం పూర్తిగా పగిలిపోయే స్థితిలో వచ్చే అంకె అది. శుభ్రంగా పాడితే అందులో సగం, చేతికందేది 20 వాట్ల చుట్టూ. పోనీ 200 వాట్ల ఆంప్లిఫయర్ పెడదామంటే, 1967కు ముందటి ఎంజీబీల్లోని లూకాస్ డైనమో ఇచ్చేది మహా అయితే 22 ఆంపియర్లు. హెడ్‌లైట్లు, వైపర్లు, పెట్రోలు పంపు, ఇంజను స్పార్కు అన్నీ దాన్నే నమ్ముకుని ఉన్నాయి. బండి ట్రాఫిక్‌లో ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే ఆ మాత్రమూ రాదు.

కాబట్టి ఆరితేరినవాళ్లు స్పీకర్ల దగ్గర మొదలుపెడతారు. అంతే పవరుకు 86 డెసిబెళ్లు పలికే స్పీకరు తీసి 92 పలికేది పెడితే నాలుగు రెట్ల ఆంప్లిఫయర్ కొన్నట్టే. చెవికీ స్పీకరుకీ మధ్య దూరం సగం చేస్తే ఇంకో 6 డెసిబెళ్లు కలిసొస్తాయి. మూసిన కారులో గోడలు ఈ లెక్కను చెడగొడతాయి. పైకప్పు లేని కారులో ఇది చాలావరకు నిలబడుతుంది. 1989లో వచ్చిన మాజ్దా మియాటాలో స్పీకర్లను సీటు తలదిండులోనే అమర్చడం ఇందుకే. తొలి ఎంజీబీ సీట్లకు తలదిండ్లే లేవు. దానికి కాళ్ల దగ్గర, పక్క గోడల మీది అట్టలు పనికొస్తాయి. అసలువి విప్పి భద్రంగా దాచి, స్పీకరు బిగించిన మరో జత అట్టలు అక్కడ పెడతారు. 100 హెర్ట్జ్‌కు కిందివి వాటికి వెళ్లకుండా ఆపేస్తే, పలకలేని బేస్ కోసం పవరు దండగ కాదు.

బ్రిటన్‌లో ఇలాంటి కారున్న తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 1950, 60ల నాటి ఘంటసాల, సుశీల పాటలు చాలావరకు మోనో రికార్డింగులు. గొంతే ముఖ్యం, ఎడమ కుడి తేడా లేదు. వాటికి పాతకాలపు ఆ ఒక్క స్పీకరూ మంచిదైతే చాలు.

అసలు చిక్కు వైరింగులో ఉంది. 1967 దాకా ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. ఇప్పటి రేడియోల పైతొడుగు నెగటివ్. ఆ తొడుగు కారు ఇనుముకు తగిలితే ఫ్యూజు పోతుంది. రబ్బరు చుట్టి బిగించినా ఒక్కోసారి పోతుంది. ఎందుకంటే ఏరియల్ తీగ పైఅల్లిక రేడియో తొడుగుకు కలిసి ఉంటుంది. దాని రెండో కొస బయట ఏరియల్ మొదట్లో బాడీని ముట్టుకుంటుంది. ఈ దొంగదారి కనిపెట్టక కొత్త రేడియోలు పాడుచేసుకున్నవాళ్లు లేకపోలేదు.

కారునే నెగటివ్ ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపేలా, మార్చడం ఇంకో మార్గం. సీట్ల వెనక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీల కలుపులు తిరగేయాలి. డైనమో ఫీల్డ్ టెర్మినల్‌కు బ్యాటరీ కరెంటును ఒక్క క్షణం తాకించి దానికి కొత్త దిశ నేర్పాలి. ఇగ్నిషన్ కాయిల్ తీగలు అటూ ఇటూ మార్చాలి. ఇంజను వేగం చూపే మీటరు ఎలక్ట్రానిక్‌దైతే దాన్నీ విప్పి మార్చాలి. చాలామంది మరిచేది ఈ చివరిదే.

ఇక ఇంజను వేగంతో పాటు పెరిగే టకటకలు స్పార్కువి, సన్నటి ఈల డైనమోది. కార్బన్ ప్లగ్ తీగలు వేసి, కాయిల్‌కు స్విచ్చు నుంచి కరెంటు వచ్చే వైపున కండెన్సరు పెడితే మొదటిది సద్దుమణుగుతుంది. డైనమోకూ కండెన్సరు కావాలి, దాన్ని లావు తీగకే కలపాలి. ఫీల్డ్ టెర్మినల్ జోలికి పోకూడదు.

పాత రేడియో ముఖాన్ని అలాగే ఉంచి, లోపలి భాగాలన్నీ తీసేసి బ్లూటూత్ బోర్డు ఇమిడ్చే పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. గుండీ తిప్పితే అదే పాత బిగువు, పాట మాత్రం ఫోన్‌లోంచి. తక్కువ కరెంటు తాగే చిన్న క్లాస్-డి ఆంప్లిఫయర్ డ్యాష్‌బోర్డు వెనక దాక్కుంటుంది. దొంగకు ఆశపుట్టించేదేదీ పైకి కనిపించదు. గుడ్డ టాప్‌కు కత్తి చాలు కాబట్టి ఇదీ చిన్న లాభం కాదు. కొందరైతే కారుకు తాళమే వేయరు. రేడియో పోయినా ఫర్వాలేదు, టాప్ చిరిగితే కొత్తది కుట్టించాలి.