సాక్షి ముఖంలో ఏముంది?

అబద్ధమాడేవాడు కళ్లలోకి చూడలేడని మనందరి నమ్మకం. కొడుకు తెచ్చిన చిల్లర లెక్క తేలకపోతే తల్లి ముందు అనేది 'ఏదీ, నా కళ్లలోకి చూసి చెప్పు' అనే. స్టేషన్లో ఎస్సై అనేదీ అదే. మన దగ్గరే కాదు, 75 దేశాల్లో 43 భాషల్లో జనాన్ని అడిగిన సర్వే ఒకటి 2006లో వచ్చింది. అబద్ధానికి గుర్తేమిటంటే అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన జవాబు 'చూపు తప్పిస్తాడు' అని. తీరా ప్రయోగాల ఫలితాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే చూపుకీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధమేమీ కనబడలేదు.

ఈ వారం ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం మా బార్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ఒక ప్రకటన. ముఖ కవళికలు చదవడంలో రెండు రోజుల శిక్షణట, ఆఖర్న సర్టిఫికెట్ కూడానట. నేర్చుకుంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి అబద్ధం రెప్పపాటులో దొరికిపోతుందట. "చేరమంటారా సార్?" అని నా జూనియర్ అడిగింది. వద్దని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఎందుకు వద్దో చెప్పకపోతే ఆ అమ్మాయి ఊరుకునే రకం కాదు.

ఆ విద్యను వట్టి బూటకమని కొట్టిపారేయలేం. 1966లో హాగర్డ్, ఐజాక్స్ అనే ఇద్దరు మానసిక చికిత్స జరుగుతుండగా తీసిన ఫిల్ములను నెమ్మదిగా తిప్పి చూశారు. మామూలు వేగంలో కంటికి ఆనని కవళికలు అందులో బయటపడ్డాయి. ఆ దారినే వెళ్లిన సైకాలజిస్టు పాల్ ఎక్‌మన్ ఒక రోగి కథ చెబుతూ ఉండేవాడు. ఆసుపత్రిలో ఉన్న ఆమె 'ఇప్పుడు బాగానే ఉన్నాను, సెలవు మీద ఇంటికి పంపండి' అని డాక్టరుకు నవ్వుతూ చెప్పింది. ఆత్మహత్య చేసుకోవాలనుకున్నానని తర్వాత తనే ఒప్పుకుంది. ఆ ఫిల్మును ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే, నవ్వుకు ముందు క్షణంలో చిన్న భాగంపాటు ముఖమంతా తీరని దిగులు. ఎక్‌మన్, ఫ్రీసెన్ కలిసి ముఖంలో కదిలే ప్రతి కదలికకూ నంబరు వేసి 1978లో ప్రచురించిన పట్టిక నిజంగా గట్టి పని. ఇవాళ్టికీ దాన్ని వాడుతున్నారు. ఆ తర్వాత శిక్షణ డిస్కులొచ్చాయి. 2009లో 'లై టు మీ' సీరియల్ వచ్చింది. అందులో హీరో మనిషి పెదవి చివర చూసి హంతకుణ్ణి పట్టేస్తుంటాడు.

శిక్షణ ఇలా ఉంటుంది: తెరమీద ఒక మామూలు ముఖం, దానిమీద ఒక మెరుపు, మళ్లీ మామూలు ముఖం. మెరిసింది కోపమా, భయమా, అసహ్యమా చెప్పాలి. కాసేపు సాధన చేస్తే మార్కులు పెరుగుతాయి, అందులో అబద్ధం లేదు. పెరిగేది మాత్రం ఆ పరీక్షలో మార్కులే. ఎదుటి మనిషి బొంకుతున్నాడో లేదో తేల్చడం వేరే పరీక్ష. 2008లో పోర్టర్, టెన్ బ్రింకె కెనడాలో దాదాపు ఏడు వందల కవళికలను ఫ్రేము ఫ్రేముగా పరీక్షించారు. ఈ మెరుపులు కనబడింది నూటికి రెండింటిలోనే. ఉన్నవి కూడా ముఖంలో సగానికే పరిమితం, నటించిన ముఖంలోనూ నిజమైన ముఖంలోనూ వచ్చాయి. 2019లో ఒక పరిశోధక బృందం అసలు శిక్షణ ఇచ్చినవాళ్లనీ, ఉత్తుత్తి శిక్షణ ఇచ్చినవాళ్లనీ, ఏమీ ఇవ్వనివాళ్లనీ పక్కపక్కన పెట్టి పరీక్షించింది. అసలు శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్లకన్నా అబద్ధాన్ని బాగా పట్టిందేమీ లేదు. సీరియల్ చూసినవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. వాళ్లకు అనుమానం పెరిగింది, నిజం చెప్పేవాళ్లను కూడా అబద్ధాలకోర్ల కింద జమకట్టారు.

శిక్షణ లేని మామూలు మనిషి లెక్క ఎంతంటారా? వందలాది ప్రయోగాలు కూడబెట్టి బాండ్, డిపాలో 2006లో తేల్చింది నూటికి 54. బొమ్మా బొరుసూ వేస్తే 50. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల ముఖం, నడవడి చూసి అనుమానితులను ఏరే పథకానికి 2007 నుంచి దాదాపు 90 కోట్ల డాలర్లు పోశారు. పనిచేస్తుందనడానికి ఆధారం లేదు, డబ్బు తగ్గించండని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2013లో చెప్పింది. ఆ తర్వాత బయటికొచ్చిన ఆ పథకం అనుమాన లక్షణాల పట్టికలో ఆవులింతలూ ఉన్నాయి, ఈల వేయడమూ ఉంది. తెల్లవారుజాము ఫ్లైటుకు బయల్దేరినవాడు ఆవులించక ఏం చేస్తాడు?

ఎక్‌మన్ పక్షాన ఒక మాట చెప్పాలి. మెరుపు చెప్పేది దాచిన భావాన్నే, దాచడానికి కారణాన్ని కాదని ఆయనే హెచ్చరించాడు. నిర్దోషి కూడా 'నన్ను నమ్మరేమో' అని భయపడతాడు. ఆ భయాన్ని నేరం కింద చదివే పొరపాటుకు ఆయన నాటకంలోని ఒథెల్లో పేరు పెట్టాడు. శిక్షణ అమ్మేవాళ్లు ఆ హెచ్చరికను చిన్న అక్షరాల్లో వేస్తారు.

మా కోర్టుల్లో ఈ భయం రోజూ కనబడుతుంది. సాక్షి తీరుతెన్నుల గురించి జడ్జి రాసుకోవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ చెప్పింది, సివిల్ కోడ్‌లోనూ అలాంటి నిబంధన ఉంది. ఒక గట్టు తగాదాలో మా తరఫు సాక్షి ముసలి రైతు. బోనెక్కగానే కండువా తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు, చెమటలు కారిపోతున్నాయి. ప్రశ్న అడిగితే చూపు నేలమీదే. పెద్దల ముందు తలెత్తి చూడకూడదని డెబ్బై ఏళ్లుగా నేర్చినవాడు, జడ్జి కళ్లలోకి ఎక్కణ్ణుంచి చూస్తాడు? అవతలి లాయరు లేచి "సాక్షి తడబడుతున్నాడు, నోట్ చేసుకోండి సార్" అన్నారు. తర్వాత అడ్వకేట్ కమిషనర్ సర్వేయర్ని తీసుకుని వెళ్లి కొలిపిస్తే హద్దురాయి సరిగ్గా ఆ రైతు చెప్పినచోటే, తుమ్మ మొదట్లో మట్టికింద దొరికింది.

ఇంకో కేసులో మూడు లక్షల ప్రోనోటు. 2016 ఉగాదికి కొద్ది రోజుల ముందు తారీఖు వేసి ఉంది. మూడేళ్లు నిండి కాలదోషం పట్టేలోపు సూటు వేశారు. సంతకం నాది కాదంటాడు మా క్లయింటు. నోటు మీద సాక్షి సంతకం చేసిన అటెస్టర్ కోర్టులకు అలవాటుపడ్డ మనిషి, ఇస్త్రీ చొక్కా, నింపాదైన గొంతు. చీఫ్ అఫిడవిట్‌లో అంతా తీర్చిదిద్దినట్టు ఉంది. నేను ప్రోనోటు ఆయన చేతికివ్వలేదు, తారీఖు ఎత్తలేదు. ఎవరింట్లో రాశారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, కాఫీ ఎవరిచ్చారు అని అడుగుతూ పోయాను.

"డబ్బు మీ కళ్లముందే ఇచ్చారా?"

"నేనే లెక్కపెట్టానండి."

"ఏం నోట్లు?"

"అన్నీ రెండు వేలవేనండి. నూట యాభై."

ముఖంలో ఒక్క గీత కదల్లేదు. రెండు వేల నోటు జనం చేతికి వచ్చింది 2016 నవంబరు 10 తర్వాత. మరి ఉగాదికి ఎక్కడిది? వెనకనుంచి జూనియర్ నా గౌను లాగుతోంది, 'అడగండి సార్' అని. అడగకూడదు. అడిగితే సాక్షికి తప్పు తెలుస్తుంది, 'ఐదొందలవేమోనండి, గుర్తులేదు' అంటాడు. ఆ జవాబు డిపోజిషన్లో టైపయ్యేదాకా ఆగి, "దట్సాల్ సార్" అని కూర్చున్నాను. మిగతాది ఆర్గ్యుమెంట్లకు. బయటికొచ్చాక జూనియర్ అంది: "ఆయన ముఖం చూస్తే నిజమే చెబుతున్నట్టుంది సార్."

మా సీనియర్ నేర్పింది ఇదే, మాట ముందు కాగితం తర్వాత. సాక్షి నోట అన్ని తలుపులూ మూయించాక గానీ కాగితం తీయకూడదనేవారు. స్వీడన్‌లో మారియా హార్ట్‌విగ్ బృందం ఇదే పద్ధతిని పోలీసు శిక్షణార్థులకు నేర్పి 2006లో పరీక్షించింది. చేతిలో ఉన్న ఆధారాన్ని దాచి, ముందు మనిషి చేత మాట్లాడించాలి, తర్వాత పోల్చాలి. అలా నేర్చుకున్నవాళ్ల తీర్పులు నూటికి 85 దాకా సరిపోయాయి, నేర్చుకోనివాళ్లవి 56. మా సీనియర్‌కు ఈ సంగతి తెలిస్తే 'దీనికి స్వీడన్ దాకా ఎందుకయ్యా' అని ఉండేవారు. ఆ పరీక్షకు పదేళ్ల తర్వాత, అన్ని రకాల శిక్షణల మీదా జరిగిన ప్రయోగాలను కలిపి చూసినవాళ్లకీ ఇదే కనబడింది. మాటల్లోని సంగతిని గమనించడం నేర్పితే ఫలితముంది, ముఖమూ ఒంటి కదలికలూ గమనించడం నేర్పితే దాదాపు లేదు.

ఇదంతా విని మా జూనియర్ రెండు రోజుల క్లాసు మానేసింది. ఫీజు డబ్బుతో రెండు వేరే కేసుల సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ పెట్టింది. ఆ అటెస్టరే ఆ కేసుల్లోనూ సాక్షి అని బెంచ్ క్లర్కు చెప్పాడట.

ఇప్పుడు కొన్ని సాక్ష్యాలు వీడియోలో జరుగుతున్నాయి. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న సాక్షి ముఖం తెరనిండా కనబడుతుంది, బోనులో కన్నా దగ్గరగా, కనుబొమ వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కుర్ర లాయర్లు ఆ ముఖం మీదికి వంగి చూస్తుంటారు. నేను ముందు కెమెరాను గది చుట్టూ ఒకసారి తిప్పి చూపించమంటాను, తలుపు వెనక ఎవరైనా కూర్చుని జవాబులు అందిస్తున్నారేమోనని.