పట్టికలోని అంకె, పక్కనున్న వాక్యం: సముద్ర మట్టపు అంచనాలపై ఒక పరిశీలన

వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2007లో వెలువరించిన నాలుగో నివేదిక, ఈ శతాబ్దాంతానికి సముద్ర మట్టం 18 నుంచి 59 సెంటీమీటర్ల వరకు పెరగవచ్చని పేర్కొంది. మంచు ప్రవాహంలో రాగల వేగవంతమైన మార్పులను ఇందులో లెక్కించలేదని, 59ని గరిష్ఠ పరిమితిగా భావించరాదని అదే నివేదిక స్పష్టం చేసింది. అంకెను స్వీకరించి వాక్యాన్ని విడిచిపెట్టిన పఠనంలో లెక్కకు రానిది లేనిదిగా మారిపోతుంది.

లెక్కకు రాని ఆ అంశం కొత్తదేమీ కాదు. పశ్చిమ అంటార్కిటికాలో మంచు ఫలకం చాలాచోట్ల సముద్ర మట్టానికి దిగువనున్న నేలపై ఆనుకొని ఉంది. ఆ నేల లోపలికి పోయేకొద్దీ లోతవుతుంది. మంచు నేలను విడిచి తేలడం మొదలయ్యే రేఖ వెనక్కి జరిగితే అక్కడి మంచు మందం పెరుగుతుంది, సముద్రంలోకి ప్రవాహం హెచ్చుతుంది, రేఖ మరింత వెనక్కి పోతుంది. ఈ అస్థిరతను వీర్ట్‌మన్ 1974లోనే సిద్ధాంతీకరించారు. 1978లో జాన్ మెర్సర్ దానివల్ల 5 మీటర్ల పెరుగుదల సంభవించవచ్చని హెచ్చరించారు.

2016లో డీకాంటో, పొలార్డ్ మరో ప్రక్రియను జోడించారు. ఎత్తైన మంచు గోడలు సొంత బరువుకే కూలితే, 2100 నాటికి అంటార్కిటికా ఒక్కటే మీటరుకు మించి పెంచగలదన్నారు. గతకాలపు సముద్ర మట్టాలను వివరించడానికి ఈ ప్రక్రియ అవసరం లేదని 2019లో టామ్సిన్ ఎడ్వర్డ్స్ బృందం నిరూపించింది. అవసరం లేదనడం వేరు, అసంభవమనడం వేరు. ఈ భేదాన్ని విస్మరించినవారికి ఆ ఫలితం భరోసాగా కనిపిస్తుంది.

2021 నాటి ఆరో నివేదిక ఈ లోపాన్ని కొంత సవరించింది. ఉద్గారాలు అత్యధికంగా ఉంటే 2100 నాటికి 63 నుంచి 101 సెంటీమీటర్ల పెరుగుదల ‘సంభావ్యం’ అంటూనే, 2 మీటర్లకు చేరువయ్యే అవకాశాన్నీ తోసిపుచ్చలేమని ప్రకటించింది. అయితే ఐపీసీసీ పరిభాషలో ‘సంభావ్యం’ అంటే కనీసం 66 శాతం అవకాశం. అంటే వాస్తవం ఆ పరిధి వెలుపల పడే అవకాశం మూడో వంతు వరకు ఉండవచ్చు. పైగా మంచు ఫలకాల విషయంలో అనిశ్చితి పైవైపే ఎక్కువగా మొగ్గుతుంది.

కనుక పరిధి మధ్యలోని అంకెను జోస్యంగా గ్రహించడం జాగ్రత్త అనిపించుకోదు. కరకట్ట ఒక అడుగు ఎక్కువైతే ఖర్చు పెరుగుతుంది. ఒక అడుగు తక్కువైతే ఊరు మునుగుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల పాఠకులకు ఈ శాస్త్రాన్ని అందించే తెలుగు రచన అంకెతోపాటు ఆ వాక్యాన్నీ అనువదించవలసి ఉంది.