చిన్న రసంలో ఎర్రనేల

నూజివీడు చిన్న రసం మామిడిని కత్తితో కోసి పళ్లెంలో పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అది కోసుకునే పండు కాదు. అరచేతుల మధ్య మెల్లగా నలిపి, లోపల గుజ్జు జారుగా అయ్యాక ముచ్చిక దగ్గర కొరికి, మొదటి చుక్క సొన పిండి పారేసి అప్పుడు జుర్రుకోవాలి. పీచు టెంకను పట్టుకునే ఉంటుంది, రసం మాత్రం నోట్లోకి దిగుతుంది. తీపి వెనకాలే సన్నటి పులుపు. 2017లో భౌగోళిక గుర్తింపు బంగినపల్లికి దక్కింది, దక్కనీ, జుర్రుకోవడానికి రసమే.

ఈ రుచిలో సగం వాటా నేలది. కృష్ణా కాలువల కింద నల్లనేలలో వరి పండుతుంది. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు వస్తే ఎర్రనేలలు, మెరక. వాన పడినా నీరు నిలవదు. మామిడికి కావలసింది అదే. ఎప్పుడూ తడి అందే చెట్టు చిగుళ్లు వేసుకుంటూ పోతుంది, పూతకు రాదు. అందుకే వానలు వెనకబట్టాక రైతులు తడులు ఆపేస్తారు. బెట్టకు తోడు చలి రాత్రులు తగిలితే కొమ్మ చివర పూమొగ్గ కడుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ నీళ్లు.

కాఫీ రుచిలోనూ పండిన చోటికి వాటా ఉంది. అక్కడ రైతులకు ఈ చలిని ఎత్తు ఇస్తుంది. కొలంబియాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న నారీన్యో కొండల మీద దాదాపు 2,000 మీటర్ల ఎత్తున కూడా కాఫీ పండుతుంది. రాత్రి చలికి కాయ నిదానంగా పండి, పులుపూ తీపీ రెండూ పుంజుకుంటుంది. అదే దేశంలో అంత ఎత్తులేని సాంతాందేర్ గింజలో పులుపు తగ్గి చిక్కదనం ఎక్కువ. మన అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఊరి పేరుతోనే.

మామిడి రుచిలో మిగతా సగం కోతది. ముచ్చికకు రెండు పక్కలా భుజాలు లేచాయా లేదా చూసి కోస్తారు. అనుమానమైతే కాయను నీళ్లలో వేస్తే సరి: ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. చిక్కంతో కోసేవాడి నైపుణ్యమంతా కాయను కింద పడనీయకుండా, కాస్త తొడిమ ఉంచి తెంపడంలో ఉంది. తొడిమ మొదలంటా ఊడితే సొన చిమ్ముతుంది, అది పాకినంత మేర తొక్క కాలి నల్లబడుతుంది. అందుకే తొడిమ కత్తిరించాక కాయను బోర్లించి సొన కారనిస్తారు.

తర్వాత ఎండుగడ్డిలో మాగేయడం. కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారడానికి రోజులు పడుతుంది, అన్నాళ్లు ఆగే వ్యాపారి దొరకడమే ఈ రోజుల్లో కష్టం. నిషేధమున్న కార్బైడ్ పెడితే తొక్క పసుపెక్కుతుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. కొనేటప్పుడు రంగును నమ్మకండి. ముచ్చిక దగ్గర వాసన చూడండి. ఘుమఘుమలాడకపోతే ఆ కాయ అక్కడే పెట్టేసి రండి.