అద్భుత కథ నుంచి పాట దాకా: అర్థనిర్ణయం

పరిచయం

అద్భుత కథను ఆధారం చేసుకొని పుట్టిన పాటను ఎలా అర్థం చేసుకోవాలి? ప్రొద్దుటూరులో సంపర్క తరగతులు చెప్పే రోజుల్లో ఈ ప్రశ్న ఇస్తే, చాలామంది విద్యార్థులు రెండు పుటల నిండా కథాసంగ్రహం రాసేవారు. పాట గురించి చివర రెండు వాక్యాలు ఉండేవి. కథ వారికి బాగానే తెలుసు. ఆధారం తెలిస్తే అర్థం తెలిసినట్టే అనుకోవడంలోనే పొరపాటు జరిగేది. ఈ పాఠంలో ఆ తేడాను ఒక ఇంగ్లీషు రాక్ గీతం, ఒక తెలుగు జానపద చిత్రంలోని పాటల సాయంతో పరిశీలిద్దాం.

1. ఆధారానికి కట్టుబడని పాట

జె.ఆర్.ఆర్. టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954-55లో వెలువడింది. అందులో దుష్టశక్తి ఏలే చీకటి దేశం మోర్డార్. ఉంగరం మీది వ్యామోహంతో చెడిపోయిన ప్రాణి గొల్లమ్. లెడ్ జెపెలిన్ బృందం 1969లో ‘ర్యాంబుల్ ఆన్’ అనే పాటలో ఈ రెండు పేర్లనూ వాడుకుంది. పాడే వ్యక్తి మోర్డార్‌లో ఒక అందగత్తెను కలుసుకుంటాడు. గొల్లమ్, మరో దుష్టుడు కలిసి ఆమెను తీసుకుపోతారు. అతడు వెతుకుతూ సాగిపోతాడు.

నవలలో ఇలాంటి ఘట్టం ఎక్కడా లేదు. అంతమాత్రాన రచయితలు కథను తప్పుగా చదివారని తీర్పు చెప్పకూడదు. నవలను తిరిగి చెప్పడం ఆ పాట ఉద్దేశం కాదు. ఒకచోట నిలవలేని మనసు దాని వస్తువు. దూరమైన ప్రేయసిని వెతకడం మామూలు విషయమే. మోర్డార్ పేరు చేరగానే ఆ వెతుకులాట ప్రాణాపాయంతో కూడిన యాత్రగా మారుతుంది. అయితే నవల తెలియని పాఠకుడికి ఆ పేరులోని చీకటి తోచదు. కాబట్టి ఆధారజ్ఞానం అవసరమే, కాని అది చాలదు.

2. ఒకే కథ, ఇద్దరి ప్రేమ

ఇప్పుడు మనకు దగ్గరి ఉదాహరణ చూద్దాం. కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి విజయా సంస్థ తరఫున ‘పాతాళ భైరవి’ (1951) నిర్మించారు. దర్శకుడు కె.వి. రెడ్డి. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి. కథకు మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు ప్రేరణ. తోటరాముడు రాజకుమార్తెను ప్రేమించి, ఆమె కోసం నేపాళ మాంత్రికుడి వెంట సాహసయాత్రకు వెళ్తాడు.

నాయికానాయకుల యుగళగీతంలో పింగళి ప్రేమకు ‘ఘాటు’ అనే విశేషణం చేర్చారు. ఈ మాట విలువ తెలుసుకోవడానికి కాశీమజిలీ కథలు అంతగా తోడ్పడవు. మన వంటిల్లు తోడ్పడుతుంది. జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా ఎండుమిరపకాయలు వేయిస్తే ఆ ఘాటు పక్కింటికి కూడా తెలుస్తుంది. దాచినా దాగదు, కళ్ల నీళ్లు తెప్పిస్తుంది. రాజు కోపానికి వెరవని పేదవాడి ప్రేమకు కావ్యాల్లోని మెత్తని విశేషణాలు సరిపోవు. ఈ మాట సరిగ్గా అతికింది.

అదే రాజకుమార్తె కోసం రాజుగారి బావమరిది కూడా తపిస్తాడు. ఆ పాత్రలో రేలంగి స్వయంగా పాడిన హాస్యగీతంలో ప్రేమకు జతపడిన మాట ‘గోల’. గోలలో చప్పుడే గాని సాహసం లేదు. కథ మారలేదు, నాయిక మారలేదు. పాడేవాడు మారాడు కాబట్టి ప్రేమకు తగిలిన మాటా మారింది.

3. ఒక హెచ్చరిక

సినిమా పాటకు సన్నివేశం తెర మీద సిద్ధంగా ఉంటుంది. రాక్ గీతానికి ఆ ఆసరా లేదు. పాడేది ఎవరో, ఏ స్థితిలో పాడుతున్నారో పాఠకుడే ఊహించాలి. ఆ ఊహకు పాటలోని మాటల నుంచే సాక్ష్యం చూపాలి. చూపలేకపోతే అది మన సొంత కల్పన అవుతుంది.

సారాంశం

పాటను విశ్లేషించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. కథ నుంచి పాట ఏమి తీసుకుంది? దేన్ని మార్చింది, లేదా వదిలింది? ఆ మార్పు పాడేవారి మనసును గురించి ఏమి చెబుతోంది? మూడో ప్రశ్నకు జవాబు రాసినప్పుడే అది విమర్శ అవుతుంది.

అభ్యాసం

మీకు నచ్చిన జానపద చిత్రం నుంచి ఒక పాటను ఎంచుకోండి. కథాసంగ్రహం మూడు వాక్యాలకు మించకుండా, పాటలోని ఒకే ఒక మాటను ఆధారం చేసుకొని ఒక పుట విశ్లేషణ రాయండి.